కీచుమన్న డబ్బా మూత

నా ఈ వీడ్కోలు సభను నడిపిస్తున్న మా ఓనరుగారికి, తన పసుపుపచ్చ కారు ఇంకా ఆ మూల లిఫ్టు మీద అడుగు ఊడి వేలాడుతున్నా ముఖం చిట్లించకుండా ముఖ్య అతిథిగా వచ్చి కూర్చున్న పళ్ళ డాక్టరమ్మగారికి, ముందు వరుసలోని పెద్దలకు, సభ అని చెప్పినా స్పానర్లు జేబుల్లోంచి తియ్యని నా తోటి పనివాళ్ళకు, వాళ్ళ ఇళ్ళనుంచి వచ్చిన తల్లులకూ పిల్లలకూ, మూడో వరుసలో కూర్చుని నేను ఏం వాగి పరువు తీస్తానోనని ఇప్పటినుంచే నుదురు పట్టుకున్న మా ఆవిడకు, అందరికీ నమస్కారాలు.

మైకు దగ్గరగా పెట్టుకోమని సైగ చేస్తున్నారు. పెట్టుకున్నాను. ఒక చిన్న మనవి. వెనక వరుసలవాళ్ళు నవ్వాలనుకుంటే కాస్త భుజాలు కూడా కదిపి నవ్వండి. ఎందుకన్నది తర్వాత చెబుతాను. (నవ్వులు) ఆఁ, అలాగే. కనిపించింది.

ఇప్పటిదాకా మాట్లాడినవాళ్ళు నన్ను ఎంత ఎత్తుకు ఎక్కించారంటే, ఈ వేదిక దిగాలంటే నాకు నిచ్చెన కావాలి. మా పెయింటరు, నేను పక్కన నిలబడితే ఇంజనే భయపడి తన జబ్బు తనే చెప్పేస్తుందన్నాడు. ఇరవై తొమ్మిదేళ్ళుగా నన్ను చూస్తున్న మనిషి ఇలా అంటే బుద్ధిగా తల ఊపాను. ఓనరుగారు ఇదిగో ఈ గోడగడియారం బహూకరించి, టిక్కుటిక్కుమన్నప్పుడల్లా షెడ్డు గుర్తుకు రావాలన్నారు. టిక్కుమంటుందని మీరంటున్నారు కాబట్టి నమ్ముతున్నాను.

ఆ తర్వాత ఓనరుగారు ఇంకో మాట అన్నారు. ‘ఇలాంటి చెవి ఈ షెడ్డులో ఇంకెవరికీ లేదు, అందుకని వచ్చే సోమవారం మేస్త్రిగారి స్థానంలో బయటినుంచి కొత్త ఇన్‌స్పెక్టరును తెస్తున్నాం, మన ఫిల్టరమ్మ ఎప్పటిలాగే ఆయనకు చేదోడువాదోడుగా ఉంటుంది’ అన్నారు. మీరంతా చప్పట్లు కొట్టారు. ఫిల్టరమ్మ కూడా కొట్టింది. నేను మూడు రోజులు కూర్చుని రాసుకొచ్చిన ప్రసంగం అప్పుడే మడిచి జేబులో పెట్టేశాను. అది చాలా మంచి ప్రసంగం. అందులో అందరికీ కృతజ్ఞతలున్నాయి, నిజం మాత్రం లేదు.

ఇళ్ళనుంచి వచ్చినవాళ్ళ కోసం మా పనేమిటో రెండు ముక్కల్లో చెబుతాను. ఇంజనులో పిస్టను ఒకటి పైకీ కిందికీ గెంతుతుంటుంది, కింద క్రాంకు గిరగిరా తిరుగుతుంటుంది, ఆ రెంటినీ కలిపేది రాడ్డు. రాడ్డుకూ క్రాంకుకూ మధ్య, చేతి గాజును సగానికి కోస్తే ఎలా ఉంటుందో అలాంటి సన్నటి లోహపు చిప్పలు రెండుంటాయి, పైనొకటి, కిందొకటి. అదే బేరింగు. నూనె పొరను పట్టుకుని, ఇనుమూ ఇనుమూ ఒరుసుకోకుండా చూడటమే దాని ఉద్యోగం. మామూలు కార్లలో అది ఎవరి కంటా పడకుండా బతికేస్తుంది. పరుగు తీసే స్పోర్ట్స్ కార్లలో మాత్రం తొందరగా అరుగుతుంది. అరిగి అరిగి ఒకరోజు పట్టు వదిలిందంటే రాడ్డు ఇంజను పక్కటెముకలు విరగ్గొట్టుకుని బయటికొచ్చి నడిరోడ్డు మీద దర్శనమిస్తుంది. అందుకని తెలివైనవాళ్ళు పోకముందే బేరింగులు మార్పిస్తారు. మార్చేముందు మేం పరీక్ష చేస్తాం.

మొన్న డాక్టరమ్మగారు కారు తెచ్చినప్పుడు ఈ మాటే చెప్పాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, ‘మేస్త్రిగారూ, నొప్పిలేని పన్ను పీకమని వచ్చే పేషెంటును నేను ఇంటికి పంపించేస్తాను. మీరేమో చక్కగా నడుస్తున్న ఇంజను విప్పుతానంటున్నారు’ అన్నారు. ‘అమ్మా, పీకేముందు మీరు ఎక్స్‌రే తీస్తారు కదా, మేమూ తీస్తాం’ అన్నాను. ‘ఏదీ మీ ఎక్స్‌రే?’ అని ఆవిడ చుట్టూ చూశారు. అప్పుడు షెడ్డు షెడ్డంతా వేలెత్తి నన్ను చూపించింది. డాక్టరమ్మగారూ, నేను వినయంతో తల దించుకున్నానని మీరు అనుకుని ఉంటారు. వినయం కాదండీ, సిగ్గు.

మా పరీక్ష ఇలా ఉంటుంది. ఫిల్టరమ్మ పాత ఆయిల్ ఫిల్టరును చుట్టూ కోసి, లోపలి కాగితాన్ని మడత మడతా విప్పి దీపం కింద పరిచి, మెరిసే పొడి ఉందేమో చూస్తుంది. పధ్నాలుగేళ్ళుగా చూస్తోంది, అందుకే ఆ పేరు. నేను పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవి వెనక ఎముకకు ఆనించి వింటాను. ఆమె కూడా తన స్క్రూడ్రైవరుతో వింటుంది. గట్టిగా కొట్టుకునే బేరింగును వినడానికి మేమెందుకు, వీధి చివర టీ తాగుతున్నవాడికి కూడా వినపడుతుంది. అప్పుడే మొదలైన అరుగుదల మాత్రం ఎవరో పక్కగదిలో గోరుతో బల్ల గీస్తున్నంత సన్నగా ఉంటుంది. అది వినాలి.

విన్నాక ఒకరితో ఒకరం మాట్లాడుకోకూడదు. ఎవరికి వారం ఒక చీటీ రాసి, ఏ రాడ్డు మీద అనుమానమో అందులో పెట్టి, బిస్కెట్ల డబ్బాలో వెయ్యాలి. మూతకు చీటీ పట్టేంత గంటు కోసి ఉంటుంది కాబట్టి వెయ్యడానికి మూత తియ్యనక్కర్లేదు. బాగుందో లేదో మాత్రం పైకే చెబుతాం. ఇద్దరమూ బాగుందంటే కారు అలాగే వెళ్ళిపోవచ్చు, ఏ ఒక్కరు అనుమానమన్నా, లేదా బండి యజమాని ఎలాగైనా మార్చమన్నా, విప్పుతాం. విప్పినవాళ్ళు నోరు మెదపకుండా చిప్పలను తెల్లగుడ్డలో చుట్టి పెడతారు. అప్పుడు అందరి ముందూ మూత తీసి చీటీలు చదివి, గుడ్డ విప్పుతారు. సరిగ్గా చెప్పినవాళ్ళ పేరు కింద గోడ మీద సుద్దగీత. ఇది ఓనరుగారి నాన్నగారు పెట్టిన పద్ధతి, గొప్ప పద్ధతి. ఆ గోడ మీద నా పేరు కింద ఉన్నన్ని గీతలు ఇంకెవరి పేరు కిందా లేవు.

ఇక అసలు సంగతి.

మూడేళ్ళ కిందట ఒక పొద్దున వాన పడుతోంది. ఈ రేకుల షెడ్డులో వాన పడితే ఎలా ఉంటుందో మీకు తెలుసు. పెయింటరు నా పక్కకొచ్చి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, ‘ఏం వాన మేస్త్రీ, చెవులు చిల్లులు పడిపోతున్నాయి’ అని అరిచాడు. నేను పైకి చూశాను. రేకులు ఎంతో ప్రశాంతంగా ఉన్నాయి. గుమ్మంలో నీళ్ళు కారుతున్నాయి, పైన మాత్రం నాకు ఏ చప్పుడూ లేదు. మాటలు వినపడుతున్నాయి, హారన్లు వినపడుతున్నాయి, సన్నటివి మాత్రం పోయాయి. నా బతుకంతా ఆ సన్నటి చప్పుళ్ళ మీదే కదా.

మా ఆవిడకు చెప్పలేదు. చెబితే చెవి డాక్టరు దగ్గరికి ఈడ్చుకెళ్తుంది. చెప్పకపోతే తన మాటంటే లెక్కలేని పొగరుబోతు మొగుడనుకుంటుంది. రెండూ తూచి చూసుకుంటే పొగరుబోతు అనిపించుకోవడమే మర్యాదగా తోచింది. ఏమేవ్, మూడేళ్ళుగా నువ్వు వంటింట్లోంచి పిలిస్తే పలక్కపోవడం పొగరు కాదు. నిజంగా వినపడలేదు. (మూడో వరుసలోంచి ఏదో మాట, పెద్దగా నవ్వులు) ఇప్పుడు కూడా ఏదో అంటోంది. నిజాయితీగా చెబుతున్నాను, అదీ వినపడలేదు.

ఇక్కడ షెడ్డులో పొగరు పనికిరాదు. రెండు బళ్ళ విషయంలో నా చీటీ ఒకటి చెప్పింది, ఫిల్టరమ్మ చీటీ ఇంకొకటి చెప్పింది, గుడ్డ విప్పితే ఆమెదే రైటయింది. మూడోసారీ అలాగే అయితే అందరికీ తెలిసిపోతుంది. అందుకని ఆమెను ముందు చీటీ వెయ్యనిచ్చి, చేతులు కడుక్కునే వంకతో వెనక్కి వచ్చి, పిల్లిలా అడుగులేసి, ఊపిరి బిగబట్టి, డబ్బా మూత మెల్లగా ఎత్తి, ఆమె చీటీ చదివి, మూత యథాప్రకారం పెట్టేసి, గంటులోంచి నాది వేసేవాణ్ణి. అక్షరం పొల్లుపోకుండా రాస్తే అనుమానమొస్తుందని మాటలు కాస్త మార్చేవాణ్ణి కూడా. నా పనితనం చూసి నాకే ముచ్చటేసేది.

అంతకు కొన్నాళ్ళ ముందు మన పెయింటరు ఆ డబ్బాను ముక్కాలిపీట అనుకుని దాని మీద కూర్చున్నాడు. (నవ్వులు) డబ్బా బతికింది కానీ మూత సొట్టపోయింది. ఆ రోజునుంచీ అది తీసిన ప్రతిసారీ కీచుమని కూస్తుందట. పళ్ళు జివ్వుమనేలా కూస్తుందట. డాక్టరమ్మగారూ, మీ రంగమే. అందరి ముందూ మూత తీసినప్పుడల్లా మీరంతా భుజాలెగరేసి ముఖాలు ముడుచుకుంటుంటే, ఫలితం కోసం పాపం ఎంత ఆత్రమో అనుకునేవాణ్ణి. దానికి చప్పుడున్న సంగతే నాకు తెలియదు. అంటే నేను ఊపిరి బిగబట్టి దొంగతనం చేస్తున్నప్పుడల్లా, నాలుగు బారల అవతల ఫిల్టరు కోసుకుంటున్న మనిషికి దండోరా వేసినట్టు వినపడుతోందన్నమాట.

ఫిల్టరమ్మ ఒక్క మాట అనలేదు. రెండేళ్ళ కిందట వకీలుగారి వెండిరంగు కారు వచ్చింది. ఆమె చీటీ వేసింది. నేను చేతులు కడుక్కున్నాను, మూత తీశాను, నాలుగో రాడ్డు అని ఉంది. ‘నాలుగోది కాస్త నలతగా ఉంది’ అని నేను సొంత కవిత్వం జోడించి వేశాను. అందరి ముందూ గుడ్డ విప్పారు. నాలుగో రాడ్డు చిప్పలు నిన్న కొన్నట్టున్నాయి. అరిగింది రెండోది. ఇద్దరమూ తప్పు, అదీ ఒకే తప్పు. పెయింటరు పొట్ట పట్టుకుని నవ్వాడు, నేనూ నవ్వాను.

సాయంత్రం కొళాయి దగ్గర ఆమె జేబులోంచి ఇంకో చీటీ తీసి నా చేతిలో పెట్టింది. ‘రెండో రాడ్డు’ అని ఉంది.

‘బాబాయ్, నేను మొదట రాసింది ఇదీ. డబ్బాలో వేసింది నీ కోసం’ అంది.

‘నన్ను పట్టించడానికా?’ అని గయ్యిమన్నాను. తప్పు చేసినవాడికి కోపం ఎంత త్వరగా వస్తుందో ఆ రోజు తెలిసింది.

‘పట్టించాలనుంటే ఓనరుగారిని తీసుకొచ్చి నిలబెట్టి ఆ మూత చప్పుడు వినిపించేదాన్ని. నీకు ఎంతవరకు వినపడుతోందో తెలుసుకుందామని చేశాను.’

‘ఆ మూతకు చప్పుడుంటుందా?’ అన్నాను.

ఆమె నవ్వలేదు. మీలో ఎవరైనా పడిపడి నవ్వేవాళ్ళు. ఆమె మాత్రం కొళాయి కట్టేసి, తన చేతిగుడ్డ నాకిచ్చి, ముఖం తుడుచుకోమంది.

ఎనిమిది రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఎవరో నా ఇంట్లో దొంగతనం చేసినట్టు ముఖం గంటు పెట్టుకుని తిరిగాను, చేసిన దొంగను నేనే అయ్యుండి. తొమ్మిదో రోజున ఆమె దగ్గరికే వెళ్ళి, ఇంకో రెండేళ్ళే ఉంది, పరువుగా వెళ్ళిపోనీయమ్మా అని అడిగాను. ‘సరే బాబాయ్. అయితే ఒక్క బండి కూడా నీ పరువు కోసం రోడ్డు మీదికి వెళ్ళకూడదు. నేను విన్నదే నువ్వు రాయాలి’ అంది. అలా మొదలైంది మా ఏర్పాటు. ఇంజను దగ్గర ఇద్దరం పక్కపక్కన నిలబడేవాళ్ళం. నేను కళ్ళు మూసుకుని మహర్షిలా వినేవాణ్ణి. ఆమె వేలితో నా మణికట్టు మీద కొట్టేది. ఒకసారి కొడితే బాగుంది, నిశ్చింతగా ఉండు. రెండుసార్లు కొడితే తేడా ఉంది, విప్పించు. ఎన్నో రాడ్డన్నది తర్వాత చెప్పేది. నేను కళ్ళు తెరిచి తీర్పు చెప్పినట్టు తల ఊపితే మీరంతా ఆహా అనేవాళ్ళు.

ఇక్కడితో ఆగితే ఇది తమాషా కథే. కానీ ఇద్దరి చీటీలూ ఎప్పుడూ కలిసిపోతుంటే జనం ఊరుకుంటారా? ‘ఫిల్టరమ్మకు సొంత బుర్ర ఎందుకు, మేస్త్రిగారి చీటీకి ఆమెది కార్బన్ కాపీ’ అని ఒక మాట పుట్టింది. ఎవరు పుట్టించారో అడగొద్దు, ఆయన ఇవాళ నన్ను చాలా పొగిడాడు. (నవ్వులు) ఆ మాట నా ముందే వందసార్లు అన్నారు, ఆమె ముందు కూడా అన్నారు. ఆమె ఫిల్టరు కోసుకుంటూ కూర్చుంది. నేను నవ్వాను. మీతోపాటు, మీకన్నా గట్టిగా నవ్వాను. చీటీలు చూసి రాసినందుకు నాకు సిగ్గుగా ఉంది, దాన్ని ఎలాగో మోసుకుపోగలను. ఆ నవ్వు నవ్వినందుకు మాత్రం నా మీద నాకే అసహ్యంగా ఉంది. (ఎవరో గ్లాసుతో నీళ్ళు తెచ్చారు)

నీళ్ళు వద్దండి, బాగానే ఉన్నాను.

ఓనరుగారూ, ఆ గోడ మీద నా పేరు కింద చివరి మూడేళ్ళ గీతలన్నీ ఆమెవి. ఇలాంటి చెవి ఇంకొకటి లేదన్నారు మీరు. ఉందండీ. మీరు ఇవాళ పొగిడింది దాన్నే. కాకపోతే నా ముఖం చూసి పొగిడారు. బయటినుంచి వచ్చే ఆయన మంచివాడే కావచ్చు, ఆయనమీద నాకేం కోపం లేదు. కానీ ఆయన వచ్చాక కూడా ఆమె వేలే ఆయన మణికట్టు మీద కొట్టాల్సి వస్తుంది.

నా మాట మీద నమ్మకం పెట్టొద్దు. నా చీటీల చరిత్ర విన్నారుగా. ఇదిగో, ఈ బల్ల మీద డబ్బా ఉంది. డాక్టరమ్మగారి కారు చీటీలు మొన్న వేశాం, చిప్పలు పొద్దున తీశారు, ఆ తెల్లగుడ్డలో ఉన్నాయి. పద్ధతి ప్రకారం రేపు పొద్దున తియ్యాలి, నేను ఇంటికి వెళ్ళిపోయాక. అలా అయితే నా చీటీ చదివేటప్పుడు మీ ముఖాలు చూడాల్సిన అవసరం ఉండదని నేను ధైర్యంగా రాశాను. ధైర్యమంటే అదీ నా ధైర్యం. డాక్టరమ్మగారూ, దయచేసి మీరే తియ్యండి. ఇంజను మీది, పళ్ళూ మీ శాఖే.

(డాక్టరమ్మగారు మూత తీశారు. సభలో అందరూ ముఖాలు ముడుచుకున్నారు.)

ఆఁ, భుజాలు లేచాయి. కూసింది కదూ?

పైన ఉన్నది నాది, చదవండి, మైకు ఇటు ఇస్తాను. (డాక్టరమ్మగారు చదివారు: ‘నాకు వినపడలేదు. ఆమె ఏం రాస్తే అదే.’) ఇరవై తొమ్మిదేళ్ళలో నేను రాసిన చీటీలన్నిటిలోకీ చిన్నది. ఈసారి ఆమెను మణికట్టు ముట్టుకోనివ్వలేదు, డబ్బా మూత ఎత్తలేదు. ఇప్పుడు కిందది. (డాక్టరమ్మగారు చదివారు: ‘ఆరో రాడ్డు, పై చిప్ప. మిగతా పదిహేనూ ఇంకా బాగున్నాయి.’) ఎనిమిది రాడ్లు, పదహారు చిప్పలు. ఓనరుగారూ, గుడ్డ మీరు విప్పండి. నంబర్లు వేసి ఉంటాయి. ఆరు, పైది. వెలుతురు వైపు తిప్పండి.

(ఓనరుగారు చిప్పను దీపం కిందికి తెచ్చారు. వెనక వరుసలవాళ్ళు లేచి నిలబడ్డారు.)

నాకు ఇక్కడినుంచే కనిపిస్తోంది, కళ్ళకేం ఢోకా లేదు. మధ్యలో బూడిదరంగు పొర పోయి రాగి రంగు బయటపడింది. మిగతావీ చూడండి, తొందరేం లేదు... బూడిదరంగే, అన్నీ బూడిదరంగే. డాక్టరమ్మగారూ, మీ పన్ను నొప్పి పెట్టకముందే దొరికింది. ఎక్స్‌రే ఎవరో ఇప్పుడు మళ్ళీ వేలెత్తి చూపించండి. (దీర్ఘమైన చప్పట్లు) ఆ, అటు. అటే చూపించాలి.

ఫిల్టరమ్మా, లేచి ఇలా రా. తల అడ్డంగా ఊపకు, రా. ఈ స్క్రూడ్రైవరు మా గురువుగారు నాకిచ్చింది, పిడి అరిగి నా చెవి ఆకారానికి వచ్చేసింది, నీ చెవికి తగ్గట్టు నువ్వు అరగదీసుకో. నిన్ను కార్బన్ కాపీ అంటుంటే నవ్వినందుకు ఇంతమంది ముందు క్షమాపణ అడుగుతున్నాను. కొళాయి దగ్గర అడిగితే సరిపోదు, ఆ నవ్వు అందరి ముందూ నవ్వాను కదా.

నా తప్పు విని కూడా కుర్చీల్లోంచి లేచి వెళ్ళిపోని మీ అందరికీ, డబ్బా మీద కూర్చోకుండా ఉండలేకపోయినా మంచి మనసున్న పెయింటరుకు, మూడేళ్ళు పొగరుబోతుతో కాపురం చేసిన మా ఆవిడకు కృతజ్ఞతలు. రేపు పొద్దున్నే చెవి డాక్టరు దగ్గరికి వెళ్దాం, నువ్వే ముందు నడు. వచ్చాక ఈ గడియారం నిజంగా టిక్కుమంటుందో లేదో చెబుతాను.

ఓనరుగారేదో అంటున్నారు. పెదవులు కదులుతున్నాయి, మీరంతా అటు తిరిగారు, కొందరు కళ్ళు తుడుచుకుంటున్నారు. నాకు ఒక్క ముక్కా అందలేదు. అమ్మా, సోమవారం అన్నారా? ఏమన్నారు? మైకులో చెప్పకపోతే పోయె, ఇదిగో నా చెయ్యి.

(ఫిల్టరమ్మ ఆయన మణికట్టు పట్టుకుంది.)

ఒకసారి. ఇంకోటి ఉందేమోనని ఆగాను. లేదు, ఒక్కసారే కొట్టింది.

అయితే ఇక నేను వెళ్ళొచ్చు. సెలవు.